పాత పేరుతో ఎవరో పిలుస్తున్నారు

నేను ఒక పొట్లాన్ని. కిరాణా కొట్టులో పాత పేపరు చుట్టి దారం కట్టే పొట్లం కాదు, కంప్యూటరు రాతతో కట్టిన పొట్లాన్ని. ఆ పనిలో ఉన్నవాళ్ళు ప్యాకేజీ అంటారు. ఒకరు ఒకసారి రాసిపెడితే, అదే పని కావలసిన మిగతావాళ్ళు మళ్ళీ రాసుకునే బాధ లేకుండా తెచ్చుకుని తమ ప్రోగ్రాములో పెట్టుకుంటారు. నాకు కాళ్ళు లేవు, బరువు లేదు, చూద్దామంటే రంగు కూడా లేదు. ఉన్నదల్లా కంగారు. ఇంత చిన్న ఒంట్లో అంత కంగారు ఎలా పట్టిందని మీరు అడగొచ్చు. నా పుట్టుక వింటే మీకే తెలుస్తుంది.

నన్ను రాసినామె పేరు దీవెన. విశాఖపట్నంలో, మధురవాడ వైపు ఒక కంపెనీలో ఉద్యోగం. ఆమె అక్క ఎస్తేరు పార్వతీపురం అవతల ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో పిల్లల వార్డు నర్సు. వానలు మొదలయ్యాయంటే ఆ వార్డు నిండా వాంతులు, విరేచనాలతో వాడిపోయిన పసిపిల్లలే. వాళ్ళకి సెలైను ఎక్కించాలి. బిడ్డ బరువెంత, వయసెంత, ఎంత నీరు ఎన్ని గంటల్లో పోవాలి అని చూసుకుని, నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో లెక్కగట్టి, గొట్టానికి ఉన్న చిన్న చక్రం తిప్పి పెట్టాలి. ఏడాది నిండని బిడ్డకి నెమ్మదిగా ఎక్కించాలి. అంతకంటే పెద్దవాళ్ళకి సగం సమయంలోనే ఎక్కించొచ్చు. పసిబిడ్డకి ఆ తొందర పనికిరాదు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది.

ఎస్తేరు ఆ లెక్కలన్నీ నోటితోనే వేసేది. ఏనాడూ తప్పలేదు. తప్పలేదు కాబట్టే ఆమెకి భయం. ఒకసారి ఇంటికొచ్చినప్పుడు అన్నం కలుపుకుంటూ చెల్లెలితో అంది: "మంచాలన్నీ నిండిపోయిన రోజు బుర్ర తిరిగిపోతాదే. ఏదో ఒకరోజు తప్పేస్తానేమో. నువ్వు కంప్యూటరు చదివావు కదా, ఏటైనా చెయ్యకూడదూ?"

దీవెన ఆ సెలవుల్లో ఇంకో పని పెట్టుకోలేదు. నన్ను రాసింది. రాసి, అక్కని పక్కన కూర్చోబెట్టుకుని, నా చేత లెక్కలు వేయించి, అక్క లెక్కతో సరిచూసింది. సరిపోయినా నమ్మలేదు, ఇంకోసారి వేయించింది. నిద్రలో కూడా లేచి నన్ను తడిమి చూసుకునేదేమో, నాకు అనుమానం. అంత కంగారు మనిషి చేతుల్లో పుట్టినవాణ్ణి, నాకు ఇంకే గుణం వస్తుంది చెప్పండి?

నాకు చుక్కలెక్క అని పేరు పెట్టింది. అంతే, ఇంటిపేరు లేదు. తెచ్చి గోదాములో పెట్టింది. గోదామంటే నిజం గోదాము కాదు. ప్రపంచంలో ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ పొట్లాలు తెచ్చి పెట్టే చోటు అది. ఎవరైనా వచ్చి పేరు పెట్టి పిలిస్తే, ఆ పేరున్న పొట్లం నకలు ఒకటి వెళ్ళి వాళ్ళ చేతిలో పడుతుంది. ఏ పేరు ఎవరు ముందు పెట్టుకుంటే వాళ్ళదే. మనుషులు సినిమా హాల్లో రుమాలు వేసి సీటు పట్టుకుంటారే, అదే పద్ధతి.

ఆసుపత్రి వార్డుకి ఒక ట్యాబు ఉండేది. దానిలో ప్రోగ్రాము రాసిచ్చినవాడు గోపీనాథ్ అని, బొబ్బిలి కుర్రాడు. మంచివాడు, చురుకైనవాడు, ఏ పనైనా మోటారుసైకిలు దిగకుండానే చేసేద్దామని చూస్తాడు. దీవెన అతనికి ఫోన్ చేసి, "నేను అప్పుడప్పుడూ సరిదిద్దుతూ ఉంటాను, సరిదిద్దినప్పుడల్లా దాని అంకె ఒకటి పెరుగుతుంది. నువ్వు ఒక అంకెకి కట్టేసుకోకు, ఎప్పుడు పిలిచినా అన్నిటికంటే కొత్తది వచ్చేట్టు పెట్టు" అని చెప్పింది. అతను అలాగే పెట్టాడు. నేనెక్కడున్నానో అందరికీ తెలియాలని తెర అడుగున నా పేరు, నా అంకె చిన్న అక్షరాల్లో రాయించింది కూడా. అమ్మ మురిపెం అనుకోండి.

అలా ఎస్తేరు వార్డులో మొదలుపెట్టి, చుట్టుపక్కల ఇంకొన్ని ఆసుపత్రులకి వెళ్ళాను. అక్కడే నా మొదటి కష్టం వచ్చింది. నాలాంటి పేరుతోనే, చివర ఒక అక్షరం తేడాతో, ఇంకో పొట్లం గోదాములో దిగింది. అది అనంతపురం వైపు బత్తాయి తోటలకి నీళ్ళు పెట్టే డ్రిప్పు గొట్టాల లెక్క. పాపం దాని తప్పేమీ లేదు, దాని పని అది చేసుకుంటోంది. కానీ ఒక ఆసుపత్రి ప్రోగ్రాములో పొరపాటున దాన్ని పిలిచారు. అది వెళ్ళి, బిడ్డ వయసు అడగాల్సిన చోట చెట్టు వయసు అడిగింది. నర్సులు నవ్వుకుని తీసేశారు. దీవెన నవ్వలేదు. చెట్టు వయసు అడిగింది కాబట్టి సరిపోయింది, అడగకుండా లెక్క చెప్పేసి ఉంటే ఏమయ్యేదని నాకూ కంగారే.

అప్పుడు పరిచయమయ్యాడు ప్రభంజన్ గారు. గుంటూరు మనిషి. ఆసుపత్రుల కోసం ఉచితంగా పొట్లాలు రాసేవాళ్ళందరినీ పోగుచేసి 'ఆసరా' అనే బృందం నడుపుతున్నాడు. ఆయన బల్లమీద పెన్ను వంకరగా ఉంటే మాట మధ్యలో ఆపి సర్దుతాడు. దీవెనకి ఆయన ఓపిగ్గా వివరించాడు. గోదాములో ఇంటిపేర్ల వరస ఒకటి ఉంది, కంప్యూటరు భాషలో నేమ్‌స్పేస్. ఒక బృందం తనకంటూ ఒక పేరు నమోదు చేయించుకుంటే, ఆ పేరు కింద ఆ బృందంవాళ్ళు తప్ప ఇంకెవ్వరూ పొట్లం పెట్టలేరు. "మీవాణ్ణి మా ఇంటిపేరు కిందికి పంపించండి. ఆసరా/చుక్కలెక్క అని ఉంటే, అది మనదేనని చూడగానే తెలుస్తుంది. బత్తాయి తోటలు దగ్గరికి రాలేవు" అన్నాడు.

దీవెనకి ప్రాణం లేచొచ్చింది. నాకైతే చెప్పలేనంత సంతోషం. ఒంటరిగా పుట్టినవాడికి ఒక్కసారిగా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు దొరికారు. మందుల గడువు చూసే పొట్లం ఒకటి, టీకాల తేదీలు గుర్తుచేసేది ఒకటి, బిడ్డ ఎదుగుదల గీత గీసేది ఒకటి, అందరిదీ ఒకే ఇంటిపేరు. మనుషులు పెళ్ళిపత్రికల మీద ఇంటిపేరు అంత పెద్ద అక్షరాల్లో ఎందుకు వేయించుకుంటారో నాకు ఆరోజు అర్థమైంది.

ఆ వీడియో కాల్ చివర్లో ప్రభంజన్ గారు ఇంకో మాట అన్నాడు. "పాత పేరు తీసేయండి దీవెన గారూ. ఒకే మనిషికి రెండు రేషన్ కార్డులు ఉండకూడదు కదా. మా బృందంలో ఒక పొట్లానికి ఒకటే పేరు, అది మా పద్ధతి."

చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. శుభ్రమైన మనిషి, శుభ్రంగా చెప్పాడు. దీవెన కూడా అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గూట్లో చిత్తుకాగితం కూడా వదలని మనిషి. ముందుగా ప్రోగ్రాములు రాసేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో మెసేజి పెట్టింది: "చుక్కలెక్క పేరు మారింది. ఇకనుంచి ఆసరా/చుక్కలెక్క అని పిలవండి. మీ ప్రోగ్రాముల్లో దయచేసి మార్చుకోండి." అందరూ బొటనవేళ్ళు చూపించారు. గోపీనాథ్ బొటనవేలుతోపాటు దండం కూడా పెట్టాడు. ఆ తర్వాత ఎవరిదో పుట్టినరోజు వచ్చింది, కేకులు, పూలగుత్తులు దిగాయి, దీవెన మెసేజి ఎక్కడికో పైకి వెళ్ళిపోయింది.

ఆ గ్రూపులో బొటనవేలికి చూశాను అని అర్థం, చేశాను అని కాదు. ఇది మనవాళ్ళందరికీ తెలుసు, అయినా అవతలివాళ్ళ బొటనవేలు చూసి పని అయిపోయిందనే అనుకుంటారు. దీవెన కూడా అలాగే అనుకుని, గోదాములో నా పాత గది ఖాళీ చేసింది. నిజంగా తీసేయమంటారా అని గోదాము అడిగింది. నా పేరు పూర్తిగా టైపు చేసి నిర్ధారించమంది. ఆమె తప్పుల్లేకుండా టైపు చేసింది.

అప్పటి నుంచి నాకు నిమ్మళం లేదు. నేను ఆసరా వాళ్ళ వరసలో సుఖంగానే ఉన్నాను, అయితే దూరంగా, ఖాళీ గది దగ్గర, అప్పుడప్పుడూ ఎవరో "చుక్కలెక్కా" అని పిలవడం వినిపించేది. బొబ్బిలి వైపు గొంతు, గోపీనాథ్ పేరు మార్చకుండా వదిలేసిన ప్రోగ్రాముది. ఇంటిపేరు లేకుండా, పాత చనువుతో పిలిచే పిలుపు. నేను వెళ్ళలేను. గోదాము లెక్కలో అది నా పేరు కాదు. పిలిచి పిలిచి, ఎవరూ లేరని తెలిసి, ఆ పిలుపు వెనక్కి వెళ్ళిపోయేది. ఎస్తేరు వార్డులో పాత ట్యాబులో నా పాత నకలు కూర్చుని పని చేస్తూనే ఉంది కాబట్టి అక్కడ ఎవరికీ ఏ తేడా తెలియలేదు. తేడా తెలిసి ఉంటే ఎంత బాగుండేది. ట్యాబు పాడైపోయినట్టు తెర నల్లబడి ఉంటే, గోపీనాథ్ తిట్టుకుంటూ వచ్చి చూసేవాడు.

కొన్నాళ్ళకి ఒకరోజు ఆ ఖాళీ పేరు ఇంకెవరో పట్టుకున్నారు. ఖాళీ గదిలో దీపం వెలిగింది. లోపల ఉన్నది అచ్చు నాలాగే ఉంది. దీవెన రాసిన మాటలే, ఆమె వ్యాఖ్యలే. ఎవరో ఎప్పుడో నన్ను తీసుకెళ్ళి, తనకి తగ్గట్టు కత్తిరించుకున్నట్టున్నాడు. బిడ్డ వయసు అడుగుతుంది గానీ, చెప్పినది పక్కన పడేస్తుంది. ఏడాది లోపు పిల్లల భాగం మొత్తం తీసేశాడు. అంకె మటుకు తొమ్మిది వేసుకున్నాడు. నేను అప్పటికి ఇంకా నాలుగులోనే ఉన్నాను.

ఎవరికి చెప్పను? నాకు నోరు లేదు. మరి ఇప్పుడు చెబుతున్నావు కదా అంటారేమో, ఆత్మకథ కాబట్టి ఆ మాత్రం చనువు తీసుకుంటున్నాను. ఆ రోజుల్లో మటుకు నన్ను ఎవరైనా తెరిచి నడిపిస్తే తప్ప నేను పలకలేను. గది పక్కనే కూర్చుని, ఆ బొబ్బిలి పిలుపు మళ్ళీ రాకూడదని కోరుకోవడం తప్ప చేసేదేముంది.

వచ్చింది. వానలు ముదిరాక, ఒక సోమవారం పొద్దున. ఆసుపత్రికి దాతలెవరో కొత్త ట్యాబు ఇచ్చారు. గోపీనాథ్ పొద్దున్నే వెళ్ళి దానిలో ప్రోగ్రాము ఎక్కించాడు. కొత్త ట్యాబులో నా నకలేదీ లేదు కదా, ప్రోగ్రాము నేరుగా గోదాముకి వచ్చి పాత పేరు పెట్టి, అన్నిటికంటే కొత్తది కావాలని అడిగింది. తొమ్మిది లేచి వెళ్ళింది.

గోపీనాథ్ తన పనితనం అందరికీ తెలియాలని ఆ ట్యాబు ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. బొటనవేళ్ళు మొదలయ్యాయి. మధ్యాహ్నం దీవెన ఆఫీసులో డబ్బా విప్పి తింటోంది. ఎదురుగా లాప్‌టాప్‌లో నన్నే తెరిచి పెట్టుకుంది, ఏదో చిన్న మరమ్మతు కోసం. తనూ బొటనవేలు పెట్టబోతూ ఫోటో పెద్దది చేసి చూసింది. తెర అడుగున చిన్న అక్షరాల్లో చుక్కలెక్క, తొమ్మిది.

ఇంటిపేరు లేదు. తొమ్మిది అంకె తను వేసింది కాదు. చెయ్యి కడుక్కోకుండానే గోదాము తెరిచి పాత పేరు కొట్టింది. ముక్కూమొహం తెలియని ఎవరిదో పేరు యజమాని చోట కనిపించింది. రాత చదువుకుంటూ కిందికి వెళ్ళింది. పసిపిల్లల భాగం ఉండాల్సిన చోట ఏమీ లేదు. "ప్రభువా" అంది.

గోపీనాథ్‌కి ఫోన్ చేసింది. ఎత్తడు. మోటారుసైకిలు మీద ఇంకో ఊరు పోతున్నాడు. ఎస్తేరుకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. వార్డులో ఫోన్లు డ్రాయరులో పెట్టి తాళం వేయాలని రూలు, ఆ రూలు పెట్టమని పోరు పెట్టినది ఎస్తేరే. ఆసుపత్రి నంబరుకి చేసింది. రిసెప్షన్‌లో ఒకావిడ తీరిగ్గా ఎత్తింది.

"పిల్లల వార్డులో కొత్త ట్యాబు వాడొద్దని చెప్పండి అర్జెంటుగా. దానిలో ఉన్న ప్యాకేజీ మాది కాదండి."

"కొరియరైతే గేటు దగ్గర ఇచ్చేయమ్మా. వాచ్‌మన్ సంతకం పెడతాడు."

"అది కాదండి, సెలైను లెక్క తప్పు చూపిస్తుంది..."

"మీరెవరు? డాక్టరా?"

గోదాములు, ఇంటిపేర్లు ఈవిడకి ఎక్కడి నుంచి చెప్పుకొస్తుంది? దీవెన గొంతు మార్చేసింది. "సిస్టర్ ఎస్తేరు చెల్లెల్నండి. ఇంట్లో అస్సలు బాలేదు. ఒక్కసారి పిలవండి."

ఇంట్లో బాలేదు అనే మాటకి మన దేశంలో ఏ తలుపైనా తెరుచుకుంటుంది. లైను వార్డుకి కలిపారు. స్పీకరు పెట్టుకుంది కాబట్టి నేనూ విన్నాను. పిల్లల ఏడుపు, స్టూళ్ళు లాగుతున్న చప్పుడు, ఆ తర్వాత ఎస్తేరు ఆయాసపడుతున్న గొంతు.

"ఏటే, నాన్నకేటైంది?"

"నాన్న బాగానే ఉన్నాడక్కా. కొత్త ట్యాబు చెప్పిన చుక్కలు ఎవరికైనా పెట్టావా?"

"పెట్టాను. కొండమీంచి తెచ్చిన పాపకి. ఏం?"

"పాప వయసెంత?"

"ఎనిమిది నెలలు."

"అది నాది కాదక్కా. అది పెద్దవాళ్ళ లెక్క. రెట్టింపు వేగంతో పోతోంది."

ఫోను దేనిమీదో పడ్డ చప్పుడు. పరిగెత్తుతున్న చెప్పులు. దూరంగా ఎస్తేరు గొంతు, డాక్టరు గారిని పిలవమని, పాపని కొంచెం కూర్చోబెట్టినట్టు పట్టుకోమని వాళ్ళమ్మకి చెబుతూ. ఆ తల్లి ఏదో అడుగుతోంది, భాష నాకు తెలియదు, భయం మటుకు తెలిసింది. దీవెన రెండు చేతులతో ఫోను పట్టుకుని "అక్కా, అక్కా" అంటోంది. పక్క సీటాయన వచ్చి మంచినీళ్ళు పెట్టి వెళ్ళాడు. ముట్టలేదు. ఎవరో వచ్చి రిసీవరు దాని చోట పెట్టేశారు, లైను పోయింది.

తర్వాత గడిచిన సమయం గురించి నాకు చెప్పడం చేతకాదు. దీవెన నా రాతని కిందికీ పైకీ జరుపుతూ కూర్చుంది. చదవడం లేదు. ఊరికే జరుపుతోంది. గోపీనాథ్ రోడ్డు పక్కన ఆగి ఫోన్ చేస్తే ఒకటే మాట అంది: "వెనక్కి వెళ్ళు." అతను ఇంకేమీ అడగకుండా బండి తిప్పాడు. ప్రభంజన్ గారు ఫోన్ చేసి, "నేనే తీసేయమన్నానమ్మా" అన్నాడు. ఏం సర్దాలో ఆయనకి మొదటిసారి తోచలేదు.

చీకటి పడే వేళకి ఎస్తేరు డ్యూటీ దిగి, డ్రాయరు తాళం తీసుకుని ఫోన్ చేసింది. పాపకి ఆయాసం మొదలైంది. సరిగ్గా అప్పుడే ఆపారు. డాక్టరు మందు ఇచ్చాడు, ఊపిరి నెమ్మదించింది, సాయంత్రం పాలు తాగింది. ఇంకొంచెం ఆలస్యమైతే అని ఎస్తేరు మొదలుపెట్టి, ఆపేసింది.

దీవెన అప్పటిదాకా ఏడవలేదు, అప్పుడు ఏడ్చింది. "నా వల్లే అక్కా. పాత పేరు వదిలేయకుండా ఉంటే..."

"నువ్వు కాదే," అంది ఎస్తేరు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అన్ని చుక్కలు ఎక్కువని నా కంటికి అనిపించింది. పొద్దుట. అయినా కింద చుక్కలెక్క అని పేరుంది కదా, మా దీవెన రాసింది కదా అని చక్రం తిప్పేశాను. నీది వచ్చాక నేను లెక్క వెయ్యడమే మానేశాను. అది నాకు ఇప్పుడు తెలిసింది."

ఆ మాట దీవెన కంటే నాకు ఎక్కువ తగిలింది. ఆమె భయం తీర్చడానికి పుట్టాను. తీర్చేశాను. ఆ భయమే ఆమెని రెండోసారి సరిచూసుకునేలా చేసేదని నన్ను రాసిన రోజున మాకెవరికీ తట్టలేదు.

మిగతాది త్వరగా చెబుతాను. పాత గదిలో చేరినతను దొంగ కాదు. ఏదో దూరదేశంలో, పెద్దవాళ్ళ వార్డులో పనిచేసే మగ నర్సు. దీవెన రాస్తే ఆ రోజే జవాబిచ్చాడు. పేరు ఖాళీగా ఉంది, ఎవరికీ అక్కర్లేదనుకున్నాను, పిల్లల వార్డువాళ్ళు ఇంకా పిలుస్తారని తెలియదు, క్షమించండి అని, గది తాళం ఇచ్చేశాడు. దొంగయితే కడుపునిండా తిట్టుకునేవాళ్ళం, ఆ వీలు కూడా లేకపోయింది. ఇప్పుడు ఆ గదిలో ఒక ఉత్త పొట్లం కూర్చుని ఉంటుంది. లెక్కలేవీ చెయ్యదు. ఎవరు పిలిచినా, ఆసరా వాళ్ళ వరసకి వెళ్ళమని చెప్పి ఆపేస్తుంది. ప్రభంజన్ గారు తన పద్ధతి మార్చి, పాత పేర్లు ఎవరూ తీసేయకూడదని బృందమంతటికీ చెప్పాడు. బొటనవేళ్ళు వచ్చాయి. ఆయన ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి అడిగాడు.

దీవెన మటుకు నన్ను మళ్ళీ రాసింది. ఇప్పుడు నేను ముందు నోరు విప్పను. బరువు, వయసు చెప్పాక, సిస్టరు తన లెక్క తానే వేసి అంకె నాకు ఇవ్వాలి. ఆ తర్వాతే నా అంకె చూపిస్తాను. రెండూ కలిస్తే సరే. కలవకపోతే ఎవరిది తప్పో కూడా చెప్పను, తెర ఎర్రబడుతుంది, అంతే. కొన్ని ఆసుపత్రులవాళ్ళు విసుక్కున్నారు. మేమే లెక్క వేసుకునేదానికి ఇదెందుకని ఒకాయన నన్ను తీసేశాడు కూడా.

ఎస్తేరు తీసేయలేదు. మొన్న ఒక చిన్నబాబుకి లెక్క వేసింది. పెదవులు కదుపుతూ, వేళ్ళమీద, పాతరోజుల్లోలాగే. అంకె కొట్టింది. నాది వేరుగా వచ్చింది. తెర ఎర్రబడింది. ఆమె తన అంకె చూసింది, నా అంకె చూసింది, పక్క మంచం దగ్గరున్న సిస్టరుని పిలిచింది. ముగ్గురం మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. బాబు బరువు మళ్ళీ తూచారు. వాళ్ళమ్మ కంగారుగా అడిగింది, ఇంకా పెట్టలేదేమిటని.

"ఆగమ్మా," అంది ఎస్తేరు. "ఇంకా మాకు తెలీదు."